కొయ్య ఎంత వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది: ముడి బద్ద నుంచి వేట విల్లు దాకా

1991 సెప్టెంబరులో ఆస్ట్రియా, ఇటలీ సరిహద్దు కొండల మంచులో దొరికిన ఓట్జీ గురించి చాలామంది వినే ఉంటారు. దాదాపు 5,300 ఏళ్ల కిందటి మనిషి. అతని రాగి గొడ్డలి గురించి, ఒంటి మీద పచ్చబొట్ల గురించి ఎంతో రాశారు. నన్ను పట్టి ఆపింది మాత్రం అతని దగ్గర దొరికిన పొడుగాటి కర్ర. యూ చెట్టు కొయ్యలోంచి చెక్కిన 1.82 మీటర్ల బద్ద అది. అతని ఎత్తేమో సుమారు 1.60 మీటర్లు. బద్ద పొడవునా గొడ్డలి గాట్లు అలాగే ఉన్నాయి, నున్న చేయలేదు. పొదిలో 14 బాణపు కర్రలుంటే, పూర్తయినవి రెండే. అంటే ఆ మనిషి ప్రాణం పోయే నాటికి విల్లు చేసుకుంటూ ఉన్నాడు.

ఆ బద్దను ఫొటోలో మొదటిసారి చూసినప్పుడు విల్లు దాదాపు అయిపోయినట్టే అనిపించింది. ఆకారం వచ్చేసింది, కొసలు సన్నబడ్డాయి, ఇంకేం మిగిలింది? సొంతంగా చేయడం మొదలుపెట్టాక తెలిసింది, మిగిలిందే అసలు పని. నా మొదటి రెండు బద్దలూ ఆ దశ దాటలేక పోయాయి. ఒకటి విరిగింది, ఒకటి వంగినది వంగినట్టే ఉండిపోయింది. ఆ రెండూ ఎందుకు అలా అయ్యాయో అర్థం చేసుకోవడానికి నాకు ఏడాదిన్నర పట్టింది. ఈ వ్యాసం ఆ ఏడాదిన్నర సారం.

విల్లు చేయడమంటే కర్రను వంచడం అనుకుంటాం. చిన్నప్పుడు చేసింది అదే. వెదురు బద్దో, కొబ్బరి ఈనెల కట్టో వంచి, రెండు కొసలకూ తాడు బిగిస్తే విల్లు. దసరాకు పంతులుగారి వెంట విల్లంబులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన తరానికి ఆ విల్లే తెలుసు. దానితో ఎగరేసేది పూలూ బుక్కాగుండా కాబట్టి ఎలా చేసినా చెల్లింది. వేట విల్లు సంగతి వేరు. 50 పౌండ్లు, అంటే దాదాపు 23 కిలోల బలంతో లాగితే వంగాలి, వదలగానే తిన్నగా తేరుకోవాలి, ఇలా వేలసార్లు. అలాంటి విల్లును వంచి చేయరు, తీసేసి చేస్తారు. దుంగ చీలికలోంచి అక్కర్లేని కొయ్య తీస్తూ పోతే చివరికి మిగిలేది విల్లు. ఎక్కడ తీయాలో, ఎక్కడ పొర కూడా తాకకూడదో తెలియడమే విద్య.

వెన్ను సాగుతుంది, పొట్ట నలుగుతుంది

విల్లు లాగినప్పుడు కొయ్య లోపల రెండు విరుద్ధమైన పనులు ఒకేసారి జరుగుతాయి. గురి వైపు ఉండే ముఖాన్ని వెన్ను అందాం, విలుకాడి వైపు ఉండేదాన్ని పొట్ట అందాం. పిడికి అటూ ఇటూ వంగే భాగాలు రెక్కలు. వంగినప్పుడు వెన్ను మీది నార సాగుతుంది, పొట్ట వైపు నార నలుగుతుంది. రెండింటి నడుమ ఎక్కడో సాగనూ సాగని, నలగనూ నలగని ఒక పొర ఉంటుంది. దానికి ఎంత దూరంగా ఉంటే అంత కష్టం. అంటే భారం మోసేది పైపొరా, అడుగుపొరా. మధ్యలోది దాదాపు ఉత్త బరువు.

కొయ్య పెద్దగా సాగే పదార్థం కాదు. తన నిడివిలో సుమారు నూటికి ఒక వంతు సాగేసరికి హద్దు దగ్గరికి వచ్చినట్టే. ఆ హద్దు దాటితే వెన్ను, పొట్ట వేర్వేరు రకాలుగా ఓడిపోతాయి. వెన్ను ఓడితే చప్పుడుతో పెళ్లున విరుగుతుంది. ఒక్క నార పోగు తెగి, దాని పక్కది తెగి, క్షణంలో రెక్క రెండు ముక్కలవుతుంది. పొట్ట ఓడితే చప్పుడుండదు. నార లోలోపల నలిగి, నారి (వింటితాడు) విప్పినా విల్లు తిన్నగా రాకుండా కాస్త వంగే ఉండిపోతుంది. దీన్ని విల్లు చేసేవాళ్లు ‘సెట్’ అంటారు. ఇంకా నలిగితే పొట్ట మీద గోటితో గీసినట్టు సన్నని అడ్డగీతలు పడతాయి. ఆ విల్లు విరగకపోవచ్చు కానీ దాని బలం పోయింది.

చాలా చెట్ల కొయ్య నార వెంట లాగితే తట్టుకునే బలం, నొక్కితే తట్టుకునే బలానికి సుమారు రెట్టింపు ఉంటుంది. మరి విల్లులు ఎక్కువగా వెన్ను దగ్గరే ఎందుకు విరుగుతాయి? నార తెగకుండా ఉంటేనే ఆ బలం. వెన్ను మీద కత్తి ఎక్కడైనా నారను అడ్డంగా కోసిందంటే అక్కడ పోగులు మధ్యలోనే అయిపోతాయి. లాగగానే ఆ తెగిన కొసలు పైకి లేస్తాయి, పగులు వాటి కిందుగా పాకుతుంది. నా మొదటి విల్లు విరిగిన ముక్కలు ఇప్పటికీ దాచుకున్నాను. విరిగిన చోట చూస్తే వెన్ను మీద వేలెడంత మేర కత్తి ఒక పొర దాటి కింది పొరలోకి దిగినట్టు స్పష్టంగా కనిపిస్తుంది.

మందం, వెడల్పు

ఇక అందరినీ తికమకపెట్టే లెక్క ఒకటుంది. విల్లు డిజైన్ అంతా దీని మీదే నిలబడుతుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

రెక్క బిగువు వెడల్పుతో ఒక రకంగా, మందంతో మరో రకంగా మారుతుంది. వెడల్పు రెట్టింపైతే బిగువు రెట్టింపు. మందం రెట్టింపైతే బిగువు ఎనిమిది రెట్లు, ఎందుకంటే అది మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. దీన్నే తిప్పి చూడండి. 15 మిల్లీమీటర్ల మందమున్న చోట మిల్లీమీటరున్నర తీశారంటే మందం పదో వంతే తగ్గింది, బిగువు మాత్రం నూటికి 27 వంతులు పడిపోయింది. విల్లు చివరి దశలో గొడ్డలి, బాడిస పక్కన పెట్టి సన్నటి ఉక్కు రేకుతో గీకుతూ కూర్చునేది ఇందుకే. కాగితమంత పొర తీసినా తేడా తెలుస్తుంది.

రెండో సగం ఇంకా ముఖ్యం. ఒక వంపుకు వెన్ను ఎంత సాగుతుందన్నది మందం మీద మాత్రమే ఆధారపడుతుంది, వెడల్పు మీద కాదు. మందం ఎక్కువైతే పైపొర నడిమి పొరకు దూరమవుతుంది, అంతే వంపుకు ఎక్కువ సాగాలి. కాబట్టి మందం చెప్పేది ఈ రెక్క విరగకుండా ఎంత వంగగలదో. వెడల్పు చెప్పేది అంత వంగడానికి ఎంత బలం కావాలో. కొయ్య నాసిదనిపిస్తే మందం పెంచి గట్టి చేద్దామనుకోవడం అందరికీ వచ్చే ఆలోచన. నాకూ వచ్చింది. అది తప్పు. మందం పెంచితే విరిగే రోజు దగ్గరవుతుంది. బలహీనమైన కొయ్యకు మందు వెడల్పూ, పొడవూ.

1930లలో క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్తలు విలువిద్య మీద ప్రేమతో ఈ లెక్కలన్నీ పట్టి చూశారు. లావుగా, గుండ్రంగా ఉండే ఇంగ్లిష్ లాంగ్‌బో (పొడుగు విల్లు) రెక్క కన్నా చదునుగా, పలకలా ఉండే రెక్క కొయ్యను మెరుగ్గా వాడుకుంటుందని తేల్చారు. ఆ తర్వాత 1944లో డెన్మార్క్‌లోని హోమగార్డ్ బురదనేలలో ఎల్మ్ కొయ్య విల్లులు బయటపడ్డాయి. సుమారు 9,000 ఏళ్ల నాటివి. రెక్కలు వెడల్పుగా, చదునుగా ఉన్నాయి. ఎల్మ్ తెల్లకొయ్య, యూ అంత నొక్కుడు తట్టుకోదు. దానికి తగ్గట్టు వెడల్పు ఇచ్చారు. ఘనం, వర్గం లెక్కలు రాని ఆ మనుషులు ఎన్ని విల్లులు విరగ్గొట్టుకుని ఆ వెడల్పు దగ్గరికి చేరారో తలుచుకుంటే నాకు వాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

విల్లుకొయ్య

నేనుండేది టెక్సస్‌లో, డాలస్‌కు ఉత్తరాన. ఇక్కడ ఇన్నివేల తెలుగు కుటుంబాలున్నాయి. ఇళ్ల వెనక వాగుల గట్ల మీద పెరిగే ఒక ముళ్ల చెట్టు, విల్లులకు పేరుపడ్డ కొయ్యల్లో మొదటి వరసలోదని నాకు పదేళ్లు తెలియలేదు. అది ఓసేజ్ ఆరెంజ్. ఆకురాలు కాలంలో దాని కింద ముడతలు ముడతలుగా పెద్ద ఆకుపచ్చ కాయలు పడి ఉంటాయి. ఫ్రెంచి వర్తకులు దాన్ని బోయ్ దార్క్ అన్నారు, అంటే విల్లుకొయ్య. టెక్సస్ పల్లెల నోట నలిగి అది బోడార్క్ అయింది. టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా కలిసే రెడ్ రివర్ చుట్టుపక్కలే దాని పుట్టిల్లు. అక్కడి నుంచి చాలా దూరం వర్తకం నడిచింది. 1811లో మిస్సోరి నది మీదుగా వెళ్లిన వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ బ్రాడ్‌బరీ, అరికరా ప్రజల దగ్గర ఈ కొయ్యతో చేసిన విల్లు వెల ఒక గుర్రం, ఒక కంబళి అని రాసుకున్నాడు.

ముళ్లతీగ రాకముందు రైతులు పొలాలకు దీన్నే కంచెగా నాటారు. అందుకే ఇప్పుడు పుట్టిల్లు దాటి ఎన్నో రాష్ట్రాల్లో ఉంది. మట్టిలో పాతినా పుచ్చదు. డాలస్‌లోని పాత చెక్క ఇళ్లు కొన్ని ఇప్పటికీ బోడార్క్ మొద్దుల మీదే నిలబడి ఉన్నాయి.

నాకు ఆ చెట్టు మీద ఇంకో కారణంతో మమకారం. అది మన పనస, మర్రి, మేడి చెట్ల కుటుంబంలోదే. కొమ్మ తుంచితే పనసలాగే పాలు కారతాయి. చీలిస్తే లోపల పనస చేవ (నడిమి ముదురు కొయ్య) లాంటి నిండు పసుపు. బొబ్బిలి వీణ చెక్కే కొయ్య రంగు అది. ఎండ తగిలిన కొద్దీ ముదిరి గోధుమ రంగుకు తిరుగుతుంది. మొదటి దుంగ చీలినప్పుడు ఆ పసుపు చూసి మా ఊరి వడ్రంగి కొట్టం ముందు నిలబడ్డట్టే అయింది.

చీల్చాలి, కోయకూడదు

దుంగను రంపంతో కోస్తే పలక వస్తుంది, కానీ రంపానికి నార వాటం అక్కర్లేదు. అది తన గీత మీద తాను పోతుంది, దారిలో వేల పోగులు తెంపుతుంది. చీల్చినప్పుడు పగులు నార వెంటే నడుస్తుంది. ఒక పక్క పదునున్న లావుపాటి ఇనుప మేకులను దుంగ కొసలో దింపి, వాటి ముందు మరో మేకు, దాని ముందు మరొకటి దింపుకుంటూ పోతే నార ఎటు తిరిగితే అటే చీలుతుంది. చెట్టు మెలికపడి పెరిగి ఉంటే బద్ద కూడా మెలికగా వస్తుంది. దాన్ని పారేయక్కర్లేదు. పాములా వంకర తిరిగిన బద్దతోనూ మంచి విల్లు చేస్తారు, రెక్క కూడా ఆ వంకర వెంటే పోవాలి, అంతే. తిన్నగా ఉండాల్సింది నారి, రెక్క కాదు.

దుంగ నరికిన రోజే కొసలకు మైనమో, జిగురో, పెయింటో దట్టంగా పూయాలి. కొయ్యలోని నీరు పక్కల నుంచి నెమ్మదిగా, కొసల నుంచి వేగంగా పోతుంది. కొసలు ముందు ఎండి కుంచించుకుపోతే నెర్రెలు విచ్చుకుంటాయి, అవి లోపలికి జానెడు దూరం పాకుతాయి. నాకు చెట్టు ఇచ్చిన రైతు ట్రాక్టరు దిగి మొదట అడిగిన మాట, జిగురు డబ్బా తెచ్చావా అని.

ఇప్పుడు వెన్ను. ఇక్కడే నా మొదటి విల్లు పోయింది కాబట్టి దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. చెట్టు ఏడాదికో వలయం చొప్పున లావవుతుంది. ఓసేజ్ లాంటి చెట్లలో ప్రతి వలయానికీ రెండు భాగాలు. వసంతంలో పెరిగింది రంధ్రాలతో గుల్లగా, పెళుసుగా ఉంటుంది. ఆ తర్వాత వేసవిలో పెరిగింది చిక్కగా, గట్టిగా ఉంటుంది. బెరడు, దాని కింద తెల్లచెక్క తీసేసి, చేవలో బాగా మందంగా ఉన్న ఒక వేసవి పొరను ఎంచుకోవాలి. ఈ కొస నుంచి ఆ కొస దాకా విల్లు వెన్నంతా ఆ ఒక్క పొరే అవ్వాలి. రెండు చేతులా పట్టుకుని తన వైపు లాక్కునే డ్రా నైఫ్‌తో పైపొరలు ఒలిచేస్తూ వస్తారు. గుల్ల పొర తగిలినప్పుడు కత్తి కింద కరకరమంటుంది, గట్టి పొర తగిలితే నున్నగా జారుతుంది. కొన్ని గంటలకు కంటి కన్నా చెవి ముందు పసిగడుతుంది. చివరి గుల్ల పొరను కత్తితో కాకుండా రేకుతో గీకి తీస్తే కింది పొర గాయపడదు.

కొమ్మ మొలిచిన చోట ముడి ఉంటుంది. అక్కడ వలయం గుట్టలా లేస్తుంది. గుట్టను చదును చేయాలని చెయ్యి తహతహలాడుతుంది. చేస్తే పోగులు తెగుతాయి. గుట్టను గుట్టలాగే వదిలి, దాని చుట్టూ కాస్త కొయ్య ఎక్కువ ఉంచాలి. మంచి ఓసేజ్ విల్లు వెన్ను మీద వేలు పోనిస్తే ఎత్తుపల్లాలు తగులుతాయి. ఆ చెట్టు ఎక్కడెక్కడ కొమ్మ వేసిందో వేలికి తెలుస్తుంది.

అన్ని చెట్లకూ ఇంత శ్రమ ఉండదు. హికరీ, ఎల్మ్, యాష్ లాంటి తెల్లకొయ్యలకు బెరడు ఒలిస్తే కింద కనిపించేదే వెన్ను. వేసవి ఆరంభంలో నరికితే బెరడు అరటి పట్టలా ఊడి వస్తుంది. యూ చెట్టుది మరో పద్ధతి. దాని తెల్లచెక్క సాగుడుకు, ఎర్రటి చేవ నలుగుడుకు బాగా నిలుస్తాయి, అందుకని రెండూ కలిపి చెక్కుతారు. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడను 1982లో పైకి తీశారు. అందులో దొరికిన ఇంగ్లిష్ యుద్ధ విల్లులు అలాంటివే. మన వెదురులో గట్టి నారంతా పైచర్మాన్ని ఆనుకుని చిక్కగా ఉంటుంది. నల్లమలలోనో, గోదావరి ఏజెన్సీలోనో విల్లు తెలిసిన మనిషి వెదురు బద్ద చేతిలోకి తీసుకోగానే చర్మం వైపు ఒకసారి నిమిరి చూసేది దానికే.

తడి సంగతి కూడా ఇక్కడే చెప్పేయాలి. పచ్చి కొయ్య వంగుతుంది కానీ వంగి ఉండిపోతుంది. నా రెండో విల్లు అలా పోయింది. మరీ ఎండితే పెళుసెక్కి విరుగుతుంది. బరువులో 8 నుంచి 10 శాతం తడి ఉంటే మేలు. గాలిలో తేమ 50 శాతం ఉన్న చోట కొయ్య తనంతట తాను దాదాపు 9 శాతం దగ్గర కుదురుకుంటుంది. 80 శాతం తేమ ఉన్న సముద్ర తీరంలో అయితే 16 దాకా పోతుంది, అంటే అదే విల్లు విశాఖలో మెత్తబడుతుంది. కొలవడానికి యంత్రం అక్కర్లేదు. బద్దను వారానికోసారి తూకం వేసి రాసుకుంటే, బరువు తగ్గడం ఆగిన వారం పని మొదలుపెట్టవచ్చు. అప్పటికే విల్లు ఆకారంలో సన్నగా చెక్కి ఉంచితే మరీ త్వరగా ఎండుతుంది.

కొలతలు

మీరు బాణాన్ని ఎంత వెనక్కి లాగుతారన్నది మొదటి కొలత. చాలామంది పెద్దలకు అది 28 అంగుళాల చుట్టూ ఉంటుంది. పిడి దగ్గర వంగని విల్లుకు ఆ లాగుడుకు 66 అంగుళాల పొడవు ఓసేజ్‌లో నిబ్బరంగా సరిపోతుంది. వెడల్పు రెక్క మొదట్లో అంగుళంన్నర. అదే ఎల్మో, హికరీనో అయితే 68 అంగుళాలు, వెడల్పు 2 అంగుళాలు. ఎందుకో పైన చెప్పుకున్నాం. మధ్యలో 4 అంగుళాల పిడి లావుగా, దాని రెండు వైపులా 2 అంగుళాల మేర ఏటవాలుగా తగ్గుతూ రెక్కలో కలవాలి. కొసలు అరంగుళానికి సన్నబడాలి. విల్లు వదిలినప్పుడు అన్నింటికన్నా వేగంగా కదిలేవి కొసలు. వాటి బరువు మోయడానికి అయ్యే శక్తి బాణానికి అందదు. 50 పౌండ్ల విల్లు నిండా లాగినప్పుడు సుమారు 60 జౌల్స్ శక్తి దాచుకుంటే, 32 గ్రాముల బాణానికి అందేది సగం పైచిలుకు, సెకనుకు 45 మీటర్ల వేగం. తక్కింది ఎక్కువగా రెక్కలు, నారి తమను తాము కదుపుకోవడానికే పోతుంది. కొసల దగ్గర తీసిన ప్రతి గ్రాముకూ విలువుంది.

దీనికన్నా చాలా పొట్టి విల్లులతో వేటాడిన వాళ్లున్నారు. 1911 ఆగస్టులో కాలిఫోర్నియాలోని ఓరోవిల్ దగ్గర ఒంటరిగా బయటికి వచ్చిన యాహి తెగ మనిషి ఇషి కథ తెలిసే ఉంటుంది. తన జనంలో చివరివాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతనికి వైద్యం చేసిన డాక్టర్ శాక్స్‌టన్ పోప్ అతని దగ్గర విల్లు చేయడం నేర్చుకున్నాడు, విన్నదంతా రాసిపెట్టాడు. ఇషి జూనిపర్ కొయ్య వాడేవాడు. అతని కొలత టేపుతో కాదు. పక్కకు చాచిన చేతి నుంచి ఎదుటి పక్క తుంటి దాకా ఎంతుంటే విల్లు అంత. అంత పొట్టి విల్లు అంత లాగుడు తట్టుకోవడానికి వెన్ను మీద జింక నరాల పోగులు జిగురుతో అతికేవాడు. ఎండిన నరం కొయ్య కన్నా ఎన్నో రెట్లు సాగుతుంది. సాగే పనంతా అది తీసుకుంటే కొయ్యకు నలిగే పనే మిగులుతుంది.

50 పౌండ్లే ఎందుకు? జింక వేటకు అమెరికాలో చాలా రాష్ట్రాలు కనీస బలం నిర్ణయించాయి, అది ఎక్కువగా 30 నుంచి 40 పౌండ్ల మధ్య. 50 దానికి పైనే. బాణం తుపాకీ గుండులా దెబ్బతో పడేయదు. పదునైన అంచుతో రక్తనాళాలు తెంపి చంపుతుంది. అందుకే 20 గజాల లోపు, పక్క నుంచి, రోజూ సాధన చేసిన చేత్తో మాత్రమే వదలాలి. గాయపరిచి పోగొట్టుకోవడం కన్నా వదలకపోవడం మంచిది. భారత్‌లో ఉన్నవారికి ఈ ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వన్యప్రాణుల వేట నేరం. అక్కడ ఈ విల్లు గడ్డి మోపు మీది గురికే.

వంపు తీర్చడం

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. వంగుతుంది. ఎంత ముదిరిన చేవైనా సమంగా వంగమంటే వంగుతుంది. రెక్క మొత్తం తన వంతు భారం మోసేలా చేయడాన్ని టిల్లరింగ్ అంటారు. ఓట్జీ ఆగిపోయింది దీనికి ముందే.

మొదట కొసను నేల మీద ఆనించి, పిడి నొక్కి రెక్క ఎలా వంగుతోందో చూస్తారు. ఆ తర్వాత వదులుగా ఉండే పొడుగాటి తాడు కట్టి, గోడకు బిగించిన కొయ్య మీద పిడిని కూర్చోబెట్టి, కప్పీ మీదుగా తాడు లాగుతూ పది అడుగుల దూరం నుంచి చూస్తారు. దగ్గరి నుంచి వంపు కనబడదు. దూరం నుంచి మూడు కనిపిస్తాయి: బాగా వంగే చోటు, వంగని చోటు, మడత పడబోతున్న చోటు. వంగని చోట పొట్ట వైపు గీకాలి. వంగుతున్న చోటును తాకకూడదు. వెన్నును ఎప్పటికీ తాకకూడదు. మడత కనిపించిందంటే దాన్ని బాగుచేసే మార్గం దానిలో లేదు. మిగతా రెక్కంతా దాని స్థాయికి తగ్గించుకోవాలి, కాబట్టి ప్రతి మడతకూ కొన్ని పౌండ్లు వదులుకోవాల్సిందే.

సమంగా వంగడమంటే ఒకే ఆకారమని కాదు. ఇది చాలామంది తప్పటడుగు వేసే చోటు. నారి లాగినప్పుడు కొస దగ్గర భారం దాదాపు సున్నా, పిడి వైపు వచ్చే కొద్దీ పెరుగుతుంది. రెక్క వెడల్పు పిడి నుంచి కొస దాకా గోపురంలా తగ్గుతూ పోతే, మందం అంతటా ఒకేలా ఉంచవచ్చు. అప్పుడు వంపు వృత్తంలో ముక్కలా ఉంటుంది. వెడల్పు చాలా దూరం ఒకేలా ఉండి కొస దగ్గరే సన్నబడే రెక్క అయితే మందం కొసవైపు తగ్గాలి. పలచటి చోటు ఎక్కువ వంగినా నష్టం లేదు కాబట్టి వంపు కోడిగుడ్డు మొనలా కొసల వైపు ఎక్కువ తిరగాలి. రెండో రకం రెక్కను మొదటి రకం వంపుకు తెస్తే పిడి పక్కన కొయ్య నలిగిపోతుంది. ముందు మీ రెక్క ఏ రకమో చూసి, ఆ తర్వాతే వంపు బాగుందో లేదో చెప్పాలి.

రెండు నియమాలు నేను గోడ మీద రాసి పెట్టుకున్నాను. గీకిన ప్రతిసారీ విల్లును ఒక ఇరవై ముప్పై సార్లు కొద్దికొద్దిగా లాగి వదలాలి. అప్పటికి గానీ కొయ్య కొత్త మందాన్ని చూపించదు. రెండోది, ఏ దశలోనూ చివరికి కావాల్సిన బలాన్ని మించి లాగకూడదు. 50 పౌండ్ల విల్లు కావాలంటే, 12 అంగుళాలు లాగేసరికే తూకం 50 పౌండ్లు చూపిస్తే అక్కడే ఆపి గీకాలి. మళ్లీ లాగితే 14 అంగుళాలకు 50, ఆ తర్వాత 16. ఇలా లాగే బలం మారదు, దూరం పెరుగుతుంది. వంపు బాగున్నాక పొట్టి నారి ఎక్కించాలి. పిడికిలి బిగించి బొటనవేలు నిలబెడితే ఎంతో, పిడికీ నారికీ మధ్య అంత ఎడం ఉంటే సరిపోతుంది. 27 అంగుళాలకు 50 పౌండ్లు చూపినప్పుడు గీకడం ఆపేస్తాను. ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు, మొదటి వంద బాణాలు వేసేటప్పుడు ఇంకో రెండు మూడు పౌండ్లు ఎలాగూ తగ్గుతాయి.

మూడో విల్లుకు ఇక్కడిదాకా రావడానికి నాలుగు నెలలు పట్టింది, సాయంత్రాలు మాత్రమే. మన కథల్లో విల్లు విరిస్తే వీరుడు. ఒక్క విల్లు చేసి చూశాక ఆ ఘట్టం విన్నప్పుడల్లా దాన్ని చేసినవాడే గుర్తొస్తాడు.

మిగిలినవి చిన్న పనులు. కొసల్లో నారి కూర్చునే గాట్లు గుండ్రటి ఆకురాయితో తీయాలి, వెన్నును కోయకుండా. నారికి నేను పాలియెస్టర్ దారం పేనుతాను, పూర్వం అవిసె నార, జంతు నరం వాడేవాళ్లు. తేమ ఆడకుండా నూనె నాలుగైదు పూతలు. బాణం లేకుండా నారి లాగి వదలకూడదు. బాణానికి పోవాల్సిన శక్తంతా రెక్కలకే తగులుతుంది. నిండా లాగి ఎక్కువసేపు పట్టుకోకూడదు. పని అయిపోగానే నారి దించేయాలి.

ఇషి కూడా ఇలాంటి నియమాలు చెప్పాడని పోప్ రాశాడు. నిలబెట్టిన విల్లు అలసిపోతుందట, చెమట పడుతుందట. అందుకని పనిలేనప్పుడు పడుకోబెట్టాలి, ఎవరూ దాన్ని దాటకూడదు. పుస్తకం దాటితే కళ్లకద్దుకోమనే ఇంట్లో పెరిగినవాణ్ని, ఆ మాటకు నాకు ఎవరూ అర్థం చెప్పక్కర్లేకపోయింది. మా విల్లు గోడ మీద రెండు కొయ్య మేకుల మీద అడ్డంగా పడుకుని ఉంటుంది. పోయిన చలికాలం అమ్మ ఇక్కడ ఉన్నప్పుడు, నూనె రాయడానికి దాన్ని కిందికి దించి హాల్లో చాప మీద పెట్టాను. అమ్మ వంటింట్లోంచి కాఫీ గ్లాసుతో వస్తూ దాన్ని చూసి ఆగింది. దాటలేదు. సోఫా వెనక నుంచి చుట్టూ తిరిగి వచ్చి గ్లాసు నా చేతికిచ్చింది.